చౌక చక్‌తో గుండ్రటి పని: అవుట్ ఎక్కడ పుడుతుంది, ఎట్లా పోతుంది

లేతు మీద తిప్పుతున్న కర్ర గిన్నె బయటి వైపు నున్నగా వచ్చింది. తిరగేసి చక్‌లో, అంటే కర్రను పట్టుకునే దవడల బిగింపులో, బిగించి స్విచ్ వేయగానే అంచు ఊగడం మొదలైంది. లోపల తొలిచాక చూస్తే ఒక పక్క గోడ మందంగా, ఇంకో పక్క పలచగా ఉంది. అప్పుడు నోటికొచ్చే మొదటి మాట "చక్ చౌకది, అందుకే అవుట్ కొడుతోంది" అని. అవుట్ అంటే తిరిగేటప్పుడు మధ్య తప్పి ఊగడం. చాలాసార్లు ఆ మాట నిజం కాదు. చౌక చక్‌లో లోపాలు ఉంటాయి, వాటిని సరిచేసే దారి కూడా కింద ఉంది. కానీ కర్ర ఊగడానికి పెద్ద కారణం మాత్రం చక్‌లో కాదు, చక్ పట్టుకునే ఆ ఏడెనిమిది మిల్లీమీటర్ల కుసిలో ఉంటుంది. కుసిని తయారు చేసేది కంపెనీ కాదు, ఉలి పట్టిన చెయ్యి.

మంచం కోడు రంధ్రంలో దిగేలా సన్నగా చెక్కిన కొనను కుసి అంటాం. తరిమెన పనిలో, అంటే లేతు మీద కర్ర తిప్పే పనిలో, దవడలు పట్టుకోవడానికి కర్ర అడుగున వదిలే పొట్టి గుండ్రటి కొనకూ ఆ పేరే పెట్టుకుందాం. ఇక్కడ చక్ అంటే నాలుగు దవడలు ఒకేసారి దగ్గరకొచ్చి ఒకేసారి దూరం జరిగే, 100 మి.మీ. అటూ ఇటూ ఉండే స్క్రోల్ చక్. లోపల సుడిగాడి ఉన్న ప్లేటు తిరుగుతుంది, ఆ గాడిలో పళ్లు దిగిన దవడలు లోపలికీ బయటికీ జరుగుతాయి. లేతు షాపుల్లో ఈ దవడలనే జాలు అంటారు.

పక్కకు జరగడం వేరు, వంగడం వేరు

ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే ఎంత ఖరీదైన చక్ కొన్నా పని బాగుపడదు.

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కర్రను ఒకసారి బిగించి, మళ్లీ విప్పకుండా మొత్తం పని అదే బిగింపులో ముగిస్తే చక్ ఎంత వంకరగా ఉన్నా వస్తువు గుండ్రంగానే వస్తుంది. ఉలి కోసేది స్పిండిల్ (మోటారు తిప్పే, చక్ ఎక్కే ఇరుసు) తిరిగే మధ్యగీతను బట్టే తప్ప చక్ మధ్యగీతను బట్టి కాదు. బొంగరం, గూటం పిడి, చిన్న డబ్బా మూత లాంటివి ఇట్లా ఒకే బిగింపులో అయిపోతాయి. చక్ లోపం బయటపడేది విప్పి, రెండో వైపుకు తిప్పి బిగించినప్పుడే.

తిప్పి బిగించినప్పుడు రెండు రకాల తప్పులు రావచ్చు. మొదటిది, కర్ర మధ్యగీత స్పిండిల్ మధ్యగీతకు సమాంతరంగానే ఉండి కొంచెం పక్కకు జరగడం. దవడల్లో నిటారైన గుండ్రటి కడ్డీ పట్టి డయల్ గేజ్ (ఊపును ముల్లుతో చూపే కొలత సాధనం) పెడితే ముల్లు మొత్తం 0.3 మి.మీ. ఊగిందనుకుందాం. అంటే మధ్యగీత అందులో సగం, 0.15 మి.మీ. జరిగింది. 6 మి.మీ. ఉండాల్సిన గిన్నె గోడ ఒక పక్క 5.85, ఇంకో పక్క 6.15 వస్తుంది. ఆ తేడా వేళ్లకు తెలియదు.

రెండోది వంగడం. కుసి చుట్టూ ఉన్న మెట్టు దవడల ముఖం మీద ఆనాలి. ఆ మెట్టు కింద ఒక పక్క అర మిల్లీమీటరు మందం చెక్క పేడు ఇరుక్కుందనుకోండి. ఆనే వెడల్పు 50 మి.మీ. అయితే వంపు నూటికి ఒకటి. గిన్నె ఎత్తు 75 మి.మీ. ఉంటే అంచు దగ్గర మధ్యగీత 0.75 మి.మీ. జరుగుతుంది. గోడ ఒక పక్క 5.25, ఇంకో పక్క 6.75. 150 మి.మీ. వెడల్పున్న అంచు ముఖం ఒక చివర ఇంకో చివర కన్నా 1.5 మి.మీ. పైకి లేస్తుంది. ఇది కంటికి కనిపించే ఊపు. అంటే ఒక్క పేడు చేసిన నష్టం ఆ చౌక చక్ చేసిన నష్టానికి ఐదింతలు. చక్ మార్చినా ఆ పేడు అక్కడే ఉంటుంది.

అందుకే వెతకాల్సినవి మూడు ఆనుడు చోట్లు. స్పిండిల్ మెట్టు మీద, అంటే దాని మర ముగిసే చోటి వెడల్పు అంచు మీద, చక్ వెనుక ముఖం ఆనే చోటు ఒకటి. చక్ గాడిలో దవడ కూర్చునే చోటు రెండోది. దవడ మీద కర్ర ఆనే చోటు మూడోది. ఇదే వరసలో చూడాలి, ఎందుకంటే మొదటిది వంకరగా ఉంటే మిగతా రెండింటి మీద తీసిన కొలత ఏదీ నమ్మలేం.

స్పిండిల్ దగ్గర

చక్ కొనేముందే స్పిండిల్ మర కొలవాలి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న చెక్క లేతులకు ఎక్కువగా కనిపించేవి 1 ఇంచు వ్యాసానికి ఇంచుకు 8 మరలు, లేదా ఎం33 కి (33 మి.మీ. వ్యాసం) 3.5 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం, మి.మీ.లో). ఇంకా చిన్నవాటికి ముప్పాతిక ఇంచుకు 16 మరలు, ఎం18 కి 2.5, పూసలు తిప్పే బుల్లి మిషిన్లకు ఎం14 కి 1 ఉంటాయి. వెర్నియర్‌తో బయటి వ్యాసం కొలిచి, ఐదు మరల పొడవు కొలవండి. ఇంచుకు 8 అయితే దాదాపు 15.9 మి.మీ., 3.5 పిచ్ అయితే 17.5 మి.మీ. వస్తుంది. రెండు మూడు చుట్లు చేత్తో ఎక్కి ఆ తరువాత బిగుసుకుపోతే అది వేరే మర. బలవంతంగా ఎక్కిస్తే స్పిండిల్ మర పాడవుతుంది, తరువాత సరైన చక్ తెచ్చినా కూర్చోదు.

మర బాగా కలిసినా చక్ ఊగుతుంటే, చక్ వెనుక ముఖం స్పిండిల్ మెట్టు దాకా చేరుతోందో లేదో చూడాలి. చక్‌ను మధ్యకు తెచ్చేదీ నిటారుగా నిలిపేదీ మర అనుకుంటారు. మర పని లాగి పట్టడం వరకే. నిటారుగా నిలిపేది ఆ మెట్టే. స్పిండిల్ మీద మెట్టు పక్కన రెండు మూడు మిల్లీమీటర్లు మర లేకుండా ఉంటుంది. అక్కడ కూర్చోవడానికి చక్ మర మొదట్లో కొంచెం వెడల్పు గుంత ఉండాలి. చౌక అడాప్టర్లలో (చక్‌ను స్పిండిల్ మరకు కలిపే ముక్కల్లో) ఈ గుంత తవ్వకుండా వదిలేస్తారు. అప్పుడు చక్ మర చివరన ఇరుక్కుని ఆగిపోతుంది, మెట్టుకు ఆనదు.

పరీక్ష సులువు. మెట్టు ముఖానికి నీలి మార్కర్ సిరా పూసి, చక్‌ను చేత్తో గట్టిగా ఎక్కించి, విప్పి చూడండి. సిరా చుట్టూతా చెరిగితే సరిగ్గా కూర్చుంటోంది. ఒక పక్కే చెరిగితే బర్ (కోతలో మిగిలిన లోహపు ముల్లు) గానీ మట్టి గానీ ఉంది. ఎక్కడా చెరగకపోతే గుంత లేదు. లోహం లేతు ఉన్న షాపుకు, వరంగల్‌లో అయితే ములుగు రోడ్డు ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు, అడాప్టర్ తీసుకెళ్తే చిన్న పని. 1 ఇంచు మరకు 26 మి.మీ. వ్యాసంతో 4 మి.మీ. లోతు గుంత తీయించండి. అక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి: అడాప్టర్‌ను మర ఆధారంగా డయల్ పెట్టి సరిచేశాకే ముఖం కోయాలి, అదే బిగింపులో గుంత కూడా తీయాలి. బయటి వ్యాసం పట్టుకుని ముఖం కోస్తే మరకూ ముఖానికీ చదరం (90 డిగ్రీల కోణం) తప్పుతుంది, డబ్బులిచ్చి కొత్త వంకర కొనుక్కున్నట్టు అవుతుంది.

చక్ స్పిండిల్‌కు పట్టేసి రావట్లేదని మధ్యలో స్ప్రింగ్ వాషర్ వేసేవాళ్లున్నారు. అది వద్దు. స్ప్రింగ్ వాషర్ ఒక పక్క ఎత్తుగా ఉండేదే, వంపును మీరే పెట్టినట్టు. పలచని నైలాన్ వాషర్ అయితే విప్పడం సులువవుతుంది, కానీ అది నలిగే కొద్దీ బిగింపు మారుతుంది. తిప్పి బిగించే పని ఉన్న రోజు దాన్ని కూడా తీసేయడం మేలు.

ఇంట్లో కట్టుకున్న లేతులకు ఇంకో చిక్కుంది. 25 మి.మీ. షాఫ్ట్, రెండు యూసీపీ 205 బేరింగులు (దిమ్మతో సహా వచ్చేవి), పాత మోటారు పెట్టి చేసే మిషిన్లు మన దగ్గర బాగా నడుస్తాయి. ఆ బేరింగుల లోపలి రింగు షాఫ్ట్‌ను గ్రబ్ స్క్రూలతో (తల లేని చిన్న స్క్రూలతో) పట్టుకుంటుంది. షాఫ్ట్ కొంచెం వదులుగా ఉంటే స్క్రూ బిగించగానే అది రింగులో ఒక పక్కకు నెట్టుకుపోతుంది. రెండు బేరింగుల స్క్రూలు వేర్వేరు దిక్కుల్లో ఉంటే షాఫ్ట్ ఏటవాలుగా నిలుస్తుంది, ఆ మీద ఎంత మంచి చక్ పెట్టినా ఊగుతుంది. రెండు బేరింగుల స్క్రూలనూ ఒకే వరసలోకి తెచ్చి బిగిస్తే ఏటవాలు పోయి కొద్దిపాటి పక్క జరుగుడు మాత్రం మిగులుతుంది. పైన లెక్క చూశాం కదా, పక్క జరుగుడును భరించవచ్చు, ఏటవాలును భరించలేం.

చక్ లోపల

కొత్త చౌక చక్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా ఎక్కించొద్దు. మొదటి రోజే పూర్తిగా విప్పండి. ఫ్యాక్టరీ గ్రీజులో ఇనుప రజను ఉంటుంది, గాడి అంచుల్లో బర్లు ఉంటాయి. దవడలు ఒకచోట తేలిగ్గా, ఒకచోట బిగుసుగా కదులుతున్నాయంటే కారణం ఇదే.

దవడలను బయటి వైపు తిప్పుతూ పోతే ఒక్కొక్కటే ఊడి వస్తాయి. వెనుక ఉన్న లాక్ రింగు గానీ స్క్రూలు గానీ తీస్తే స్క్రోల్ ప్లేటు బయటికొస్తుంది. డీజిల్‌లో ముంచి పాత టూత్ బ్రష్‌తో కడగండి. సుడిగాడి అంచులను, దవడ పళ్ల మూలలను వేలి గోటితో తడిమితే బర్ తగులుతుంది. దాన్ని సన్నటి ఆకురాయితో ఒకటి రెండు సార్లు రాస్తే చాలు, తరువాత 400 నంబరు ఎమరీ పేపరు. ఆనే ముఖాలను మాత్రం రాయొద్దు, మూలలనే రాయాలి. ముఖం అరిగితే దవడ వదులవుతుంది, ఆ వదులు ఇక పోదు.

తిరిగి బిగించేటప్పుడు గ్రీజు పెట్టొద్దు. చెక్క పొట్టు గ్రీజుతో కలిసి గట్టి ముద్దవుతుంది, నెల తిరగకముందే చక్ మొరాయిస్తుంది. కుట్టు మిషిను నూనె ఒక చుక్క గుడ్డ మీద వేసి తుడిచినంత చాలు. వానాకాలం నాలుగు నెలలు చక్ వాడనప్పుడు కొంచెం ఎక్కువ నూనె రాసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. వాడే ముందు తుడవకపోతే ఆ నూనె కుసికి అంటి మరక పడుతుంది, తరువాత పాలిష్ అక్కడ పట్టదు.

దవడలు వరసగానే ఎక్కాలి. వాటి మీద, గాడుల మీద 1 నుంచి 4 దాకా అంకెలు కొట్టి ఉంటాయి. సుడిగాడి మొదలయ్యే కొన 1వ గాడిలో కనిపించేదాకా తిప్పి, కొంచెం వెనక్కి తీసి, 1వ దవడ దూర్చి, ముందుకు తిప్పాలి. కొన 2వ గాడి దగ్గరికి రాగానే 2వ దవడ. ఇట్లా నాలుగూ. చివరికి నాలుగూ మధ్యలో ఒకేసారి కలవాలి. ఒకటి వెనకబడితే వరస తప్పింది, మళ్లీ తీయాలి. అంకెలు కొట్టకుండా వచ్చిన చక్ అయితే నాలుగు దవడలనూ లోపలి కొసలు సమానంగా పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి పన్ను కొసకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది 1వది, తరువాత పిచ్‌లో పావు వంతు చొప్పున దూరమవుతూ 2, 3, 4. తేల్చుకున్నాక పంచ్‌తో చుక్కలు కొట్టుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

కర్రను పట్టే పై దవడలు కింది దవడలకు స్క్రూలతో ఉంటాయి. వీటిని ఒక్కొక్కటి విడిగా బిగించేయడం వల్లే చాలా చక్‌లు అవుట్ చూపిస్తాయి. ఎనిమిది స్క్రూలనూ వదులుగా పెట్టి, దవడలను పూర్తిగా మూసి, లేదా నిటారైన గుండ్రటి కడ్డీ మీద మూసి, అవి వాటంతట అవి సర్దుకున్నాక ఎదురెదురుగా స్క్రూలు బిగించండి. 0.3 చూపించిన చక్ ఈ ఒక్క పనితో 0.1 దగ్గరికి రావడం సాధారణమే. చౌక చక్‌తో వచ్చే స్క్రూలు మెత్తవి, ఎలెన్ కీ గుంత త్వరగా అరిగిపోతుంది. బోల్టుల దుకాణంలో అదే సైజు, అదే తల ఆకారం ఉన్న 10.9 గ్రేడు స్క్రూలు తెచ్చి మార్చడం ఈ చక్ మీద పెట్టగలిగే అతి తక్కువ ఖర్చు, అతి ఎక్కువ లాభం. పొడవు మాత్రం సరిగ్గా అంతే ఉండాలి. ఒక మిల్లీమీటరు పొడవైనా కొస సుడిగాడికి తగిలి దాన్ని గీరేస్తుంది.

దవడలు బిగించే కీ పెట్టే రంధ్రాలు రెండుంటే రెండింటిలోనూ విడివిడిగా బిగించి డయల్ చూడండి. ఒకదానిలో అవుట్ తక్కువ వస్తుంది. దాని పక్కన చుక్క పెట్టి, ఆఖరి బిగింపు ఎప్పుడూ అక్కడి నుంచే ఇవ్వండి.

దవడను సగం బయటికి తెచ్చి చేత్తో ముందుకూ వెనక్కూ ఊపితే కొంచెం కదలిక ఉండొచ్చు. అర మిల్లీమీటరు దాటి ఊగితే అది గాడి వెడల్పు లోపం, ఇంట్లో బాగయ్యేది కాదు, మార్చుకోవడమే. బిగించినప్పుడు అట్లాంటి దవడల మొనలు బయటికి విచ్చుకుంటాయి, కుసిని అడుగున పట్టి అంచున వదిలేస్తాయి.

కుసి

దవడల లోపలి వంపు ఒకే ఒక్క వ్యాసానికి సరిపోయేలా కోసి ఉంటుంది. దవడల మధ్య సందు దాదాపు ఒక సూత్, అంటే 3 మి.మీ. ఉన్నప్పుడు నాలుగూ కలిసి నిజమైన వృత్తం అవుతాయి. ఆ ఒక్క స్థితిలోనే కుసి చుట్టూతా పట్టు దొరుకుతుంది. కుసి అంతకన్నా పెద్దదైతే ఒక్కో దవడకు రెండు మూలలే తగులుతాయి, మొత్తం ఎనిమిది గీతలు. చిన్నదైతే ఒక్కో దవడ నడిమి మాత్రమే, మొత్తం నాలుగు గీతలు. నాలుగు గీతల మీద నిలిచిన కర్రను ఉలి పక్కకు తోస్తే అది కదులుతుంది. చక్ పట్టు చాలట్లేదని కీకి పైపు తగిలించి బిగించే అలవాటు ఇక్కడే మొదలవుతుంది. దాంతో సుడిగాడి విరుగుతుందే గానీ పట్టు పెరగదు.

కాబట్టి మీ చక్ వృత్తం ఎంతో ఒకసారి కొలిచి పెట్టుకోండి. నాలుగు సందుల్లో 3 మి.మీ. డ్రిల్ బిట్ల వెనుక భాగం పెట్టి దవడలు మూసి, లోపలి వ్యాసం వెర్నియర్‌తో తీసుకోండి. ఆ కొలతకు ఒకటి, దానికి 3 మి.మీ. ఎక్కువకు ఒకటి, రెండు రంధ్రాలు ఉన్న ప్లైవుడ్ ముక్క చేసి లేతు పక్కన మేకుకు తగిలించుకోండి. కుసి చిన్న రంధ్రంలో దూరకూడదు, పెద్దదాంట్లో దూరాలి. ప్రతిసారీ వెర్నియర్ అక్కర్లేదు.

పొడవు 6 నుంచి 10 మి.మీ. మధ్యలో చాలు. పొడవు పెరిగితే పట్టు పెరుగుతుందని అనుకుంటారు గానీ జరిగేది తిరగబడుతుంది. కుసి కొస చక్ అడుగుకు తగిలితే మెట్టు దవడల ముఖం మీద ఆనదు, కర్ర ఆ కొస మీద ఊగుతూ నిలుస్తుంది. దవడ లోతు 12 మి.మీ. అయితే కుసి 9 మి.మీ. దాటనివ్వొద్దు. అడుగు ముఖం మధ్యలో ఒక మిల్లీమీటరు పల్లంగా తీయడం ఇంకా మంచిది. వ్యాసం విషయంలో, గిన్నె వెడల్పులో మూడో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా ఉండాలి. 150 మి.మీ. గిన్నెకు 50 నుంచి 60 మి.మీ.

దవడలు డవ్‌టైల్ ఆకారంలో, లోపలికి ఏటవాలుగా ఉంటే కుసి గోడ కూడా అదే కోణంలో ఉండాలి. ఈ కోణం అన్ని చక్‌లకూ ఒకటి కాదు, రకాన్ని బట్టి దాదాపు 7 నుంచి 15 డిగ్రీల దాకా మారుతుంది. కోణం కలిస్తే దవడ బిగిసేకొద్దీ కర్రను లోపలికి లాగి మెట్టును తన ముఖం మీద కూర్చోబెడుతుంది. డవ్‌టైల్ దవడల్లో తిన్నని కుసి పెడితే దవడ మొన మాత్రమే కర్రలో దిగుతుంది. మొదటి కోతలకు ఆగుతుంది, తరువాత ఉలి ఒక్కసారి కర్రలో దిగబడి పట్టుకోగానే గిన్నె ఊడి గది గోడకు ఎగురుతుంది. అట్టముక్క కత్తిరించి దవడ కోణానికి సరిపోయేలా చేసుకుని, దాని ప్రకారం పాత స్క్యూ ఉలి (ఏటవాలు మొన ఉన్న ఉలి) మొనను గ్రైండర్ మీద సానపెట్టుకుంటే ప్రతి కుసీ ఒకే కోణంలో వస్తుంది.

ఇక మూల. కుసి గోడ, మెట్టు కలిసే లోపలి మూలలో చిన్న వంపు మిగిలితే చాలు, దవడ అంచు ఆ వంపు మీదికెక్కి ఆగిపోతుంది. గౌజ్‌తో, అంటే గాడి ఉలితో, ఆ మూల పదునుగా రాదు. స్క్యూ మొనతో గీత కోసి శుభ్రం చేయాలి. మెట్టును స్కేలు అంచుతో చూడండి. అది సమతలంగా గానీ, కుసి వైపు వెంట్రుక వాసి పల్లంగా గానీ ఉండాలి. కుసి దగ్గర ఎత్తుగా, బయట దిగినట్టు ఉంటే అది దవడల మీద తిరగలి రాయిలా ఊగుతుంది. పనిలో నాణ్యత మొత్తం ఈ మూలలోనే తేలుతుంది. ఇక్కడ రెండు నిమిషాలు ఎక్కువ పెట్టినవాళ్ల చౌక చక్, తొందరపడేవాళ్ల ఖరీదైన చక్ కన్నా సాపుగా తిరుగుతుంది.

బిగించేటప్పుడు దవడలను బ్రష్‌తో ఊడ్చి, కుసి దూర్చి, టెయిల్‌స్టాక్‌తో (లేతు రెండో కొసన మొనతో ఆనించి పట్టే భాగంతో) కర్రను దవడల మీదికి నొక్కి పట్టి, అప్పుడు కీ తిప్పాలి. కుసి మీద 1వ దవడ ఎదురుగా పెన్సిల్ గీత పెట్టండి. ఎప్పుడు విప్పినా అదే గీతకు కలిపితే పాత దవడ గుర్తుల్లోనే మళ్లీ కూర్చుంటుంది. మూడు నాలుగు నిమిషాలు తిప్పాక ఆపి మళ్లీ కీ వేయండి. నార నలిగి కొంచెం వదులు వస్తుంది. రాత్రంతా చక్‌లో వదిలేసిన కర్రను పొద్దున బిగించకుండా ఆన్ చేయొద్దు.

కుసికి బదులు అడుగున గుంత తీసి, దవడలను లోపలి నుంచి బయటికి విచ్చి పట్టే పద్ధతి కూడా ఉంది. పళ్లేలకు బాగుంటుంది. లోతు 3 నుంచి 5 మి.మీ. చాలు, గుంత చుట్టూ కనీసం 12 మి.మీ. కర్ర మిగలాలి. నిలువు నార ఉన్న ముక్కలకు, అంటే కొమ్మను అడ్డంగా కోసిన ముఖం మీద, ఈ పద్ధతి వాడొద్దు. విచ్చుకునే దవడ మేకు పనే చేస్తుంది, నార వెంట కర్ర చీలుతుంది.

మన కర్రలు

మంచిర్యాల, జన్నారం వైపు టేకు కోతల్లో మిగిలే ముక్కలు కుసికి చక్కగా పలుకుతాయి. ఆరిన తరువాత పెద్దగా కదలవు. కానీ టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును త్వరగా పోతుంది. మొండి ఉలితో తీసిన కుసి గరుకుగా వస్తుంది, దవడలు ఆ గరుకును నలిపాక వదులవుతుంది. కుసి తీసే ముందు ఒకసారి సానపెట్టడం తప్పనిసరి. నల్లతుమ్మ, చింత చేవ గట్టివి, చిన్న కుసితో కూడా నిలుస్తాయి. పొలం గట్ల మీద విరివిగా దొరికే సర్కారు తుమ్మ ఆరేటప్పుడు తక్కువ మెలి తిరుగుతుంది. పొయ్యిలోకి పోయే ఆ కర్ర తరిమెన పనికి ఎంత బాగుంటుందో ఇంకా చాలామందికి తెలియదు. వేపలో నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, కుసి అంచు చిట్లుతుంది కాబట్టి దవడ లోతు చాలితే 10 మి.మీ. పూర్తిగా ఉంచండి.

నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి వీటన్నిటికీ వేరు. అంత తేలికైన, మెత్తటి కర్రను దవడలు నలిపేస్తాయి, ఎంత బిగిస్తే అంత లోపలికి దిగుతాయి. దానికి కుసి తీయకుండా, టేకు ముక్కను ఫెవికాల్‌తో అడుగున అంటించి ఒక రోజు ఆరనిచ్చి, కుసిని ఆ టేకులో తీయాలి. మధ్యలో గోధుమ రంగు కాగితం వేసి అంటిస్తే చివర్లో పలచటి ఉలి పెట్టి కొడితే కాగితం దగ్గరే విడిపోతుంది. ముడులున్నవి, పగుళ్లున్నవి ఏ కర్రైనా ఇదే పద్ధతి. కాగితం వేసిన అతుకు పెద్ద గిన్నెలకు మాత్రం ఆగదు, వాటికి కాగితం లేకుండా అంటించి చివర్లో కోసేయాలి.

పచ్చి కర్రతో చేసేవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. కర్ర నార పొడవునా దాదాపు కుంచించుకుపోదు, అడ్డంగా కుంచించుకుపోతుంది. 60 మి.మీ. పచ్చి కుసి ఆరాక ఒక దిక్కున 60 గానే ఉండి, అడ్డంగా రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గి కోడిగుడ్డులా అవుతుంది. దాన్ని అట్లాగే దవడల్లో పెట్టి చక్ మీద నింద వేయడం తరచూ జరిగేదే. మొదటి విడతలో కుసిని మీ చక్ వృత్తం కన్నా 6 మి.మీ. పెద్దగా, గోడను గిన్నె వెడల్పులో పదో వంతు మందంగా వదలండి. ఆరాక లేతు రెండు కొసల మొనల (సెంటర్ల) మధ్య పెట్టి కుసిని మళ్లీ గుండ్రం చేయండి. మే నెలలో మన వడగాడ్పుకు పచ్చి గిన్నె ఒక్క రోజులో పగులుతుంది. మైనం గానీ పాత పెయింటు గానీ నిలువు నార ముఖాలకు పూసి, గోనె సంచిలో దాని పొట్టు మధ్యనే పెట్టి, గాలి ఆడని గదిలో ఉంచాలి.

ఏది ఆశించకూడదు

లోహం లేతు నుంచి తీసిన పాత మూడు దవడల చక్ చవగ్గా దొరుకుతుంది. దాని దవడలు సన్నవి, మెట్లు మెట్లుగా ఉంటాయి, ఇనుమును పట్టడానికి చేసినవి. కర్ర మీద మూడు గాట్లు పడతాయి, పట్టు దొరకదు. పైగా దవడలు చక్ ఒంటి నుంచి బయటికి పొడుచుకొచ్చి తిరుగుతుంటే కనిపించవు, వేళ్ల కణుపులు పగులుతాయి. డోవెల్ లాంటి సన్న కడ్డీలు పట్టడానికి తప్ప దాన్ని వాడొద్దు.

నాలుగు దవడల చౌక చక్‌లో కూడా దవడలను చక్ ఒంటి అంచు దాటి 5 మి.మీ. మించి బయటికి రానివ్వొద్దు. అక్కడ సుడిగాడిలో దిగి ఉండేది ఒకటో రెండో పళ్లే. దవడ ఎగిరొచ్చే ప్రమాదం అక్కడే ఉంది. దవడ అంచులకు ఎర్ర రంగు పూస్తే తిరిగేటప్పుడు వలయంలా కనిపిస్తుంది.

వేగానికి ఒక లెక్క ఉంది. గిన్నె వ్యాసం ఇంచుల్లో, దాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలి. 1,440 చుట్ల మోటారుకు 3 ఇంచుల పుల్లీ, స్పిండిల్‌కు 5 ఇంచుల పుల్లీ ఉంటే స్పిండిల్ 864 చుట్లు తిరుగుతుంది. 8 ఇంచుల గిన్నెకు అది 6,912, సరిపోతుంది. 12 ఇంచుల పళ్లేనికి 10,368, ఎక్కువ. ఇంకా గుండ్రం కాని మొద్దును 400, 500 చుట్ల దగ్గరే మొదలుపెట్టి, టెయిల్‌స్టాక్ ఆన్చి ఉంచాలి. కీ తీశాకే స్విచ్. గ్లౌజులు వద్దు, భుజం మీద టవల్ వద్దు, ముఖానికి షీల్డు తప్పదు. మిషినును వెనక్కి తిప్పితే చక్ మర ఊడి కింద పడుతుంది, అడాప్టర్‌కు గ్రబ్ స్క్రూ ఉంటే తప్ప ఆ పని చేయొద్దు.

లోపల తొలవడం అయ్యాక కుసి ఏం చేయాలన్నది మిగులుతుంది. కొందరు దాన్నే గిన్నె అడుగుగా వదిలేస్తారు, దవడ గుర్తులను ఎమరీతో పోగొట్టి. తీసేయాలంటే పనికిరాని గుండ్రటి ముక్కను చక్‌లో బిగించి, దాని ముఖాన్ని గిన్నె లోపలి వంపుకు సరిపోయేలా తిప్పి, పాత నూలు గుడ్డ వేసి, గిన్నెను బోర్లించి, టెయిల్‌స్టాక్‌తో కుసి మధ్యలో నొక్కి పట్టండి. ఆ ముక్కను మీ స్పిండిల్ మీదే తిప్పారు కాబట్టి దానికి అవుట్ ఉండదు. కుసి మధ్యలో పెట్టిన సెంటర్ గుంత చెరగకుండా ఉంటే గిన్నె అక్కడే నేరుగా కూర్చుంటుంది. కుసిని చుట్టూ కోస్తూ వచ్చి టెయిల్‌స్టాక్ కింద 10 మి.మీ. మందం మొలక వదిలి మిషిను ఆపేయండి. ఆ మొలకను చేతి ఉలితో, నార అడ్డంగా, అంచు నుంచి మధ్యకు కోసి తీయాలి. ఒక్క దెబ్బతో విరిచేస్తే గిన్నె అడుగు నుంచి నార లేచి గుంత పడుతుంది.